యంత్రాన్ని పరీక్షించే యంత్రం

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో, నల్లమల కొండల నడుమ వెలసిన అహోబిలం నవనారసింహ క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. దిగువ అహోబిలం నుండి ఎగువ అహోబిలానికి చేరి, అక్కడి నుండి భవనాశిని వాగు వెంట రాళ్ల దారిన నడిచే యాత్రికులు జ్వాలా నరసింహుని సన్నిధినీ, కొండకొమ్మున నిలిచిన ఉగ్రస్తంభాన్నీ దర్శిస్తారు. హిరణ్యకశిపుని కొలువులో స్వామి వెలువడిన స్తంభం అదేనని స్థలపురాణం చెబుతుంది. ఎఱ్ఱన నృసింహపురాణంగానూ, పోతన భాగవత సప్తమస్కంధంలోని ప్రహ్లాద చరిత్రగానూ ఈ కథను తెలుగువారికి అందించారు.

ఆ కథలో వరం కోరిన తీరు గమనింపదగినది. మనుష్యుని చేతగాని, మృగం చేతగాని తనకు చావు రాకూడదు. పగలుగాని, రాత్రిగాని రాకూడదు. ఇంటి లోపలగాని, వెలుపలగాని రాకూడదు. నేలమీదగాని, ఆకాశంలోగాని రాకూడదు. ఏ ఆయుధంతోనూ రాకూడదు. దానవరాజు తనకు తోచిన సందర్భాలన్నిటినీ జంటలు జంటలుగా పేర్చుకున్నాడు. ఒక్కొక్క జంటను విడిగా చూస్తే అది సంపూర్ణంగానే కనిపిస్తుంది. కాని పగటికీ రాత్రికీ నడుమ సంధ్య ఉంది. లోపలికీ వెలుపలికీ నడుమ గడప ఉంది. నేలకూ నింగికీ నడుమ తొడ ఉంది. మనుష్యునికీ మృగానికీ నడుమ నరసింహుడున్నాడు. పైగా ఆ నడిమి చోట్లన్నీ ఒకే క్షణంలో ఒక్కటిగా కలిశాయి. భక్తులకు ఇది ప్రహ్లాదుని విశ్వాసాన్ని చాటే కథ. కంప్యూటర్ ప్రోగ్రాములను పరీక్షించే వృత్తిలో ఉన్నవారికి మాత్రం ఇందులో మరొక సంగతి కూడా స్ఫురిస్తుంది. జాబితా ఎంత పెద్దదైనా, ప్రమాదం తరచుగా జాబితాలోని రెండు అంశాలు కలిసే చోటనే పొంచి ఉంటుంది.

ప్రోగ్రాము అంటే కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాల వరుస. ఉదాహరణకు, మార్కులను బట్టి విద్యార్థి ఉత్తీర్ణుడో కాదో తేల్చే చిన్న ప్రోగ్రామును తీసుకోవచ్చు. వందకు 35 మార్కులు వస్తే ఉత్తీర్ణత. దీనిని పరీక్షించదలచిన వ్యక్తి 60 మార్కులిచ్చి చూసి, 20 మార్కులిచ్చి చూసి, రెండు జవాబులూ సరిగా ఉన్నాయని తృప్తి పడవచ్చు. అయితే ప్రోగ్రాము రాసినవారు ‘35 లేదా అంతకు మించి’ అని రాయవలసిన చోట ‘35కు మించి’ అని రాసి ఉంటే, ఆ తప్పు 60 దగ్గరా కనపడదు, 20 దగ్గరా కనపడదు. సరిగ్గా 35 దగ్గర మాత్రమే బయటపడుతుంది. అందువల్ల అనుభవమున్న పరీక్షకులు 34, 35, 36లను ముందుగా ప్రయోగిస్తారు. తరువాత 0, 100 ఇచ్చి చూస్తారు. ఆపైన రాకూడని 101నూ, పరీక్షకు హాజరు కాని విద్యార్థి ఖాళీ గడినీ ఇచ్చి చూస్తారు. ఇటువంటి సరిహద్దు విలువలను అవధి విలువలంటారు. ఈ వృత్తిలో మొదట నేర్పే పాఠం ఇదే.

తొలినాళ్లలో ఈ పని అంతా మనుషులే చేసేవారు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్ మార్క్-2 కంప్యూటరులో ఒక రిలే పనిచేయకపోతే, విప్పి చూసినవారికి అందులో చిక్కుకున్న చిమ్మట దొరికింది. దానిని వారు దినచర్య పుస్తకంలో అతికించి ఉంచారు. యంత్రంలోని లోపాన్ని ‘బగ్’ అనడం అంతకు ముందు నుండీ ఉన్నదే గాని, ఈ సంఘటనతో ఆ మాట కంప్యూటర్ లోకంలో మరింత ప్రచారం పొందింది. చిమ్మటను చేత్తో తీసివేయవచ్చు. ప్రోగ్రాములోని తప్పు అలా కంటికి కనపడదు. దానికితోడు ఒక తప్పును దిద్దబోతే, అంతవరకు సరిగా ఉన్న మరొక చోట కొత్త తప్పు పుట్టడం ఈ విద్యలో నిత్యానుభవం. కాబట్టి చిన్న మార్పు చేసిన ప్రతిసారీ పాత పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుండి చేయాలి. పది పరీక్షలైతే మనిషి ఓపికగా చేస్తాడు. పదివేలైతే చేయలేడు, చేసినా, విసుగుతో కొన్నింటిని దాటవేస్తాడు. ఆ విసుగు నుండే స్వయంచాలక పరీక్షా విధానం పుట్టిందని చెప్పవచ్చు. ఒక ప్రోగ్రామును పరీక్షించడానికి మరొక ప్రోగ్రాము రాయడం, ఏ ప్రశ్నకు ఏ జవాబు రావాలో అందులోనే పొందుపరచడం, రాత్రికి రాత్రి వేలకొద్దీ పరీక్షలు తమంతట తామే జరిగేలా అమర్చడం ఈ విధానంలోని ముఖ్యాంశాలు. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు నిపుణులు విమాన ప్రయాణంలో కలిసి రూపొందించిన ‘జేయూనిట్’ అనే చిన్న ఉపకరణం ఈ అలవాటును ప్రపంచమంతటా వ్యాపింపజేసింది.

యంత్రానికి విసుగు లేదు గనుక అన్ని సందర్భాలనూ పరీక్షించవచ్చు గదా అన్న సందేహం కలగడం సహజం. లెక్క వేసి చూస్తే ఆ ఆశ నిలువదు. ఒక వ్యవస్థలో ‘ఔను-కాదు’ అనే రెండు స్థితులున్న మీటలు 20 ఉన్నాయనుకుంటే, వాటి కలయికలు 10,48,576. ఒక్కొక్క పరీక్షకు ఒక సెకను చొప్పున పన్నెండు రోజులు పడుతుంది. మీటలు 30 అయితే కలయికలు 107 కోట్లు దాటుతాయి. కాలం 34 సంవత్సరాలు. 40 మీటలకు దాదాపు 35 వేల సంవత్సరాలు కావాలి. వ్యవస్థ పెద్దదయ్యేది కూడికల లెక్కన, పరీక్షల భారం పెరిగేది గుణకారాల లెక్కన. ఈ కారణంచేత ఎంచుకోవడం తప్పనిసరి అయింది. చాలా లోపాలు ఏవో రెండు మీటల కలయిక వల్లనే పుడతాయని అనుభవం చెబుతున్నందున, ప్రతి జంటా కనీసం ఒకసారైనా ఎదురయ్యేలా పరీక్షలను పేర్చే పద్ధతి ఏర్పడింది. 20 మీటల విషయంలో ఈ పద్ధతికి పది లోపు పరీక్షలే చాలు. పది లక్షల స్థానంలో పది అంటే గొప్ప పొదుపే. కాని మూడు మీటలు కలిసినప్పుడు మాత్రమే బయటపడే లోపం ఈ వలలో పడుతుందన్న హామీ లేదు. పరీక్ష లోపాలున్నాయని చూపగలదేగాని, లేవని నిరూపించలేదని డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త చేసిన హెచ్చరికకు ఆధారం ఈ లెక్కలోనే ఉంది.

ఈ మాటలు ఎంత నిజమో అహోబిలానికి ఆగ్నేయంగా, ఆంధ్రప్రదేశ్ సముద్రతీరంలోనే ఉన్న శ్రీహరికోటలో ఒకనాడు తెలిసివచ్చింది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఈ దీవి నుండి 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు తొలిసారిగా ఎగిరింది. 1979 ఆగస్టు 10న అబ్దుల్ కలాం నాయకత్వంలో ప్రయోగించిన ఎస్‌ఎల్‌వీ-3 విఫలమై, 1980 జూలై 18న విజయవంతమైంది. ఆనాటి విఫలానికి కారణం రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని కవాటం నుండి ఆమ్లం కారిపోవడం. అది లోహానికీ ద్రవానికీ సంబంధించిన లోపం. చేత్తో తాకి చూడదగినది. పధ్నాలుగేళ్ల తరువాత ఎదురైన లోపం అటువంటిది కాదు.

1993 సెప్టెంబరు 20 ఉదయం పీఎస్‌ఎల్‌వీ తొలి రాకెట్టు ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహంతో శ్రీహరికోట నుండి బయలుదేరింది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు అప్పుడు యూ.ఆర్. రావు అధ్యక్షులు. ఘన ఇంధనంతో ఒక దశ, ద్రవ ఇంధనంతో ఒక దశ చొప్పున నాలుగు దశలు గల ఆ రాకెట్టు అంతకు ముందు దేశంలో తయారైన అన్నిటికంటె ఎంతో క్లిష్టమైనది. మొదటి దశ చక్కగా మండింది. రెండవ దశ కూడా తన పని ముగించింది. రెండవ దశ విడిపోయి మూడవ దశ అందుకోవలసిన ఆ సంధికాలంలో, మండిపోయిన దశను వెనుకకు లాగవలసిన చిన్న రాకెట్లు అనుకున్న విధంగా పనిచేయలేదు. రాకెట్టు ఊహించిన దానికంటె ఎక్కువగా ఊగింది. దానిని సరిదిద్దవలసిన బాధ్యత లోపలి కంప్యూటరుది. ఊపు ఎక్కువ కాబట్టి దిద్దుబాటు ఆదేశం కూడా ఎక్కువ పరిమాణంలో వెలువడవలసి వచ్చింది. నిర్ణయించిన గరిష్ఠ పరిమితిని ఆదేశం దాటినప్పుడు ఏమి చేయాలో చెప్పే భాగంలో ప్రోగ్రాము తప్పుగా రాసి ఉంది. రాకెట్టు ముక్కును పైకీ కిందికీ సర్దే నియంత్రణ వలయం గాడి తప్పింది. తగిన వేగం అందక రాకెట్టు ఉపగ్రహంతోసహా సముద్రం పాలైంది. ఎన్నో సంవత్సరాల శ్రమ నిమిషాలలో ముగిసింది.

పరిమితి దాటడం అనే ఈ భావాన్ని స్కూటరు మీటరుతో పోల్చి గ్రహించవచ్చు. అయిదు అంకెల మీటరు 99999 కిలోమీటర్ల తరువాత 00000కు తిరుగుతుంది. బండి తిరిగిన దూరం పెరిగినా, మీటరు మాత్రం ఏమీ తిరగలేదని చెబుతుంది. కంప్యూటరులో 16 బిట్ల గడికి 32,767 గరిష్ఠ విలువ; అందులో ధన, ఋణ సంఖ్యలు రెండింటికీ చోటివ్వాలి కనుక, దానికి ఒకటి కలిపితే అది ఏకంగా మైనస్ 32,768గా మారిపోవచ్చు. కుడివైపు గట్టిగా తిప్పమన్న ఆదేశం ఎడమవైపు గట్టిగా తిప్పమన్న ఆదేశంగా మారితే వాహనం గతి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

పీఎస్‌ఎల్‌వీ ప్రోగ్రామును ప్రయోగానికి ముందు పరీక్షించలేదని అనుకోవడం పొరపాటు. పరీక్షించారు. ఊహించిన ఊపులకు అది సరిగానే స్పందించింది. ఊపు పరిమితిని దాటితేనే బయటపడే తప్పు, పరిమితి లోపల జరిగిన పరీక్షలలో ఏ విధంగా కనపడుతుంది? చిన్న రాకెట్ల వైఫల్యం ఒక్కటే జరిగి ఉంటే కంప్యూటరు వాహనాన్ని కాపాడి ఉండేదేమో. ప్రోగ్రాములో తప్పు ఒక్కటే ఉండి ఊపు సామాన్యంగా ఉంటే ఆ తప్పు ఎన్నటికీ తెలిసేది కాదేమో. రెండూ ఒకే క్షణంలో కలిశాయి. వైఫల్య విశ్లేషణ తరువాత ప్రోగ్రామునూ, దానిని పరీక్షించే పద్ధతినీ సంస్కరించారు. 1994 అక్టోబరు 15న రెండవ పీఎస్‌ఎల్‌వీ ఐఆర్‌ఎస్-పీ2 ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. 2008లో చంద్రయాన్-1నూ, 2013లో మంగళయాన్‌నూ మోసుకుపోయినది ఈ కుటుంబపు రాకెట్టే.

ఇంతకంటె సంపన్నమైన సంస్థలకూ ఇదే అనుభవం ఎదురైంది. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుండి ఎగిరిన ఏరియాన్-5 రాకెట్టు ఇంజను మండిన 37 సెకన్లకు దారి తప్పి, ఆకాశంలోనే పేలిపోయింది. రాకెట్టు దిశను కొలిచే పరికరంలోని ప్రోగ్రామును ఏరియాన్-4 నుండి యథాతథంగా తెచ్చుకున్నారు. పాత రాకెట్టులో అది ఎన్నోసార్లు విజయం సాధించింది. కొత్త రాకెట్టు పార్శ్వ వేగం పాతదానికంటె చాలా ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన ఒక సంఖ్య 16 బిట్ల గడిలో పట్టలేదు. వెంటనే పరికరం ఆగిపోయింది. తోడుగా ఉంచిన రెండవ పరికరంలోనూ అదే ప్రోగ్రాము ఉన్నందున అది కూడా ఆగిపోయింది. అసలు ఆ లెక్క రాకెట్టు నేలను విడిచిన తరువాత అవసరమే లేనిది. పరీక్షల విషయంలో విచారణ సంఘం తేల్చిన అంశం మరింత ఆలోచింపజేస్తుంది. మొత్తం వ్యవస్థను కలిపి పరీక్షించినప్పుడు ఈ పరికరాన్ని అందులో చేర్చక, దాని స్థానంలో దాని పనిని అనుకరించే మరొక ప్రోగ్రామును పెట్టారు. ఆ నకలులో అసలు పరికరపు లోపం లేదు! కొత్త రాకెట్టు పయనించే మార్గాన్ని అసలు పరికరానికి ఒక్కసారి చూపించి ఉంటే లోపం నేలమీదనే బయటపడేదని సంఘం అభిప్రాయపడింది. 1999 సెప్టెంబరులో అంగారకుని చేరబోయి నశించిన అమెరికా వ్యోమనౌక కథ కూడా ఈ కోవలోనిదే. ఒక బృందం పౌను కొలతలలో పంపిన సంఖ్యలను మరొక బృందం న్యూటన్లనుకుంది. ఏ బృందపు లెక్క ఆ బృందానికి సరిపోయింది. రెండూ కలిసే చోట మాత్రం ఎవరూ కాపలా లేరు.

ఇటువంటి అనుభవాల నుండి పరీక్షా వ్యవస్థలు మెట్టు మెట్టుగా ఎదిగాయి. మొదటి మెట్టులో ప్రోగ్రాములోని ఒక్కొక్క చిన్న భాగాన్ని విడదీసి పరీక్షిస్తారు. రెండవ మెట్టులో ఆ భాగాలను కలిపి, మామూలు కంప్యూటరు మీదనే రాకెట్టు ప్రయాణమంతా గణితరూపంలో నడుపుతారు. మూడవ మెట్టులో రాకెట్టులో అమర్చబోయే అసలు కంప్యూటరునే తెచ్చి బల్లమీద పెడతారు. నిజానికి అది గదిలోనే ఉన్నా, తాను ఆకాశంలో ఎగురుతున్నట్లు దానిని నమ్మించాలి. ఎదురుగా ఉన్న మరొక కంప్యూటరు ప్రతి క్షణం గాలి ఒత్తిడినీ, వేగాన్నీ, ఇంధన భారాన్నీ లెక్కకట్టి సంకేతాలుగా పంపుతుంది. రాకెట్టు కంప్యూటరు వాటికి స్పందించి ఆదేశాలిస్తుంది. ఆ ఆదేశాలవల్ల వాహనం ఎటు తిరుగుతుందో ఎదుటి కంప్యూటరు మళ్లీ లెక్కకట్టి తిరిగి పంపుతుంది. ఈ విధంగా వలయం పూర్తవుతుంది. నాలుగవ మెట్టులో ఇంజను ముక్కును తిప్పే అసలు యంత్రభాగాలను, కదలికను పసిగట్టే అసలు పరికరాలను కూడా ఈ వలయంలో చేరుస్తారు. రాకెట్లకు తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రంలోనూ, క్షిపణులకు హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లోనూ ఇటువంటి పరీక్షలు జరుగుతాయి. ఒక మెట్టు పైకి వెళ్లేకొద్దీ నకళ్లు తగ్గి అసళ్లు పెరుగుతాయి. ఖర్చు, కాలం కూడా పెరుగుతాయి. అందుచేత కింది మెట్లలో వేలాది పరీక్షలు, పై మెట్లలో ఎంచిన కొన్ని పరీక్షలు చేయడం పరిపాటి.

ఈ పరీక్షలు ప్రయోగశాలతోనే ముగియవు. 2001 మార్చి 28న శ్రీహరికోటలో తొలి జీఎస్‌ఎల్‌వీ బయలుదేరడానికి సిద్ధమైంది. పక్కనున్న ద్రవ ఇంధన ఇంజన్లు ముందుగా మండాయి. వాటిలో ఒకటి తగిన బలం ఇవ్వడం లేదని ప్రయోగాన్ని నడిపే కంప్యూటరు గ్రహించి, బయలుదేరడానికి ఒక్క సెకను ముందు మొత్తం ప్రక్రియను ఆపివేసింది. ఆ వ్యవధిలో ఏ మనిషీ ఆ నిర్ణయం తీసుకోలేడు. రాకెట్టు చెక్కుచెదరకుండా నిలిచింది. లోపాన్ని సరిచేసి ఏప్రిల్ 18న ప్రయోగించారు.

రాకెట్ల రంగంలో తప్పు జరిగితే దేశమంతా చూస్తుంది. బ్యాంకులు, రైలు టికెట్లు, ఆసుపత్రుల వంటి రంగాలలో నిత్యం వాడే ప్రోగ్రాములను పరీక్షించే పని మాత్రం నిశ్శబ్దంగా సాగుతుంది. 2000 తరువాత ఈ పనే తెలుగునాట ఎంతోమందికి జీవనోపాధి అయింది. హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలలో విన్‌రన్నర్, క్యూటీపీ వంటి పరీక్షా ఉపకరణాలను నేర్పే శిక్షణ సంస్థలు వెలిశాయి. డిగ్రీ చేతబట్టుకుని జిల్లాల నుండి వచ్చిన యువకులు ఇరుకు గదులలో ఉంటూ వాటిని నేర్చుకుని ఉద్యోగాలలో చేరారు. ఆ ఉపకరణాలు మెర్క్యురీ అనే కంపెనీవి. 2004లో జేసన్ హగ్గిన్స్ అనే నిపుణుడు ఉచితంగా వాడుకోదగిన మరొక ఉపకరణాన్ని తయారు చేసినప్పుడు దానికి సెలీనియం అని పేరు వచ్చింది. మెర్క్యురీ అంటే పాదరసం; పాదరస విషానికి విరుగుడు సెలీనియమని చమత్కారం. కొద్దికాలానికే అమీర్‌పేట గోడల మీద కూడా ఆ పేరే కనపడింది.

వ్యాపార రంగంలో వ్యవస్థలు పెరిగిన తీరు వేరు. ఒకప్పుడు ఒకే కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము ఇప్పుడు వందల సర్వర్ల మీద చిన్న చిన్న ముక్కలుగా నడుస్తున్నది. ఆ ముక్కలను వేర్వేరు బృందాలు వేర్వేరు వేళలలో మారుస్తుంటాయి. అంత పెద్ద వ్యవస్థకు సరియైన ప్రతిరూపాన్ని పరీక్షాశాలలో నిర్మించడం దాదాపు అసాధ్యం. అందువల్ల కొన్ని సంస్థలు మొండి మార్గాన్నే ఎంచుకున్నాయి. సినిమాలను ఇంటర్నెట్టు ద్వారా చూపే నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన సర్వర్లను తానే పడగొట్టే ప్రోగ్రామును తయారు చేసుకుని, ఆ సంగతి ప్రకటించింది. దానికి ‘కేయాస్ మంకీ’ అని పేరు, అల్లరికోతి అనవచ్చు. అది పనివేళల్లో, ఇంజనీర్లు ఎదుట ఉన్నప్పుడే ఏదో ఒక సర్వరును ఆపివేస్తుంది. చూసేవారికి అంతరాయం కలగకపోతే వ్యవస్థ నెగ్గినట్లు. పూతోటలోకి కావాలని కోతిని వదలడం వంటిదే ఇది. అయినా రాత్రి రెండు గంటలకు అనుకోకుండా కోతి వచ్చి పడడం కంటె ఇదే మేలని వారి వాదం.

మనిషికీ యంత్రానికీ నడుమ ఉన్న గడప కూడా పరీక్షకు రావలసినదే. 2019 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో అనేక తప్పులు దొర్లాయి. ఒక విద్యార్థినికి తెలుగులో 99 మార్కులకు బదులు సున్నా వచ్చింది. జవాబు పత్రం దిద్దిన చోట సరిగానే ఉన్నా, మార్కులను ఓఎంఆర్ పత్రంలోని వృత్తాలలోకి ఎక్కించడంలో పొరపాటు జరిగింది. యంత్రం తనకు చూపిన వృత్తాలను నమ్మింది. మిగిలిన అన్ని సబ్జెక్టులలో మంచి మార్కులున్న విద్యార్థికి ఒక్కదానిలో సున్నా వస్తే, ఫలితం ప్రకటించక ముందే ఆపి మనిషికి చూపమనే చిన్న తనిఖీ చాలు, ఇటువంటి తప్పు దొరకడానికి. ఉత్తీర్ణులు కాని విద్యార్థులందరి పత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా పునఃపరిశీలన చేయించవలసి వచ్చింది. ఒక తప్పు అంకె వెనుక ఒక ఇంటి ఆందోళన ఉంటుంది గనుక ఈ ఉదాహరణ రాకెట్టు కథకంటె చిన్నదని చెప్పడానికి వీలులేదు.

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండరు చంద్రునిపై దిగబోతూ అదుపు తప్పింది. దాని ఇంజన్లు అనుకున్న దానికంటె ఎక్కువ బలం ఇచ్చాయి. చిన్న చిన్న తేడాలు పోగుపడ్డాయి. వాటిని సరిదిద్దడానికి నౌక వేగంగా తిరగవలసి వచ్చింది. అంత వేగం అవసరమవుతుందని ఊహించనందున ప్రోగ్రాము దానికి హద్దు విధించి ఉంచింది. దిగవలసిన చోటు కూడా 500 మీటర్ల చదరమే. ఇస్రో అధ్యక్షులుగా పనిచేసిన ఎస్. సోమనాథ్ 2023లో ఈ కారణాలను వివరిస్తూ, తరువాతి నౌక విషయంలో ఆలోచనా విధానాన్నే తలకిందులు చేశామని తెలిపారు. విజయం సాధించడానికి ఏమేమి సరిగా జరగాలన్న ప్రశ్నకు బదులు, ఏమేమి చెడవచ్చు, చెడితే ఎట్లా దిగాలన్న ప్రశ్నతో చంద్రయాన్-3ను రూపొందించారు. పరికరం చెడితే, ఇంజను ఆగితే, లెక్క తప్పితే నౌక ఏమి చేస్తుందో అనుకరణలలో పరిశీలించారు. నౌక పరికరాలను హెలికాప్టరుకు అమర్చి, ఎత్తును పసిగట్టగలవో లేదో చూశారు. ఎత్తయిన క్రేనుకు వేలాడదీసి ఇంజన్లను మండించి, పరికరాలు, ఇంజన్లు, ప్రోగ్రాము మూడూ కలిసి వలయంగా పనిచేసేలా పరీక్షించారు. చంద్రుని నేలను పోలిన మట్టిమీద కాళ్లను దింపి చూశారు. దిగే ప్రదేశాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆ నౌక ఆగస్టు 23 సాయంకాలం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో సురక్షితంగా దిగింది.

పరీక్షించే వ్యవస్థ ఇంత పెద్దదైనప్పుడు అది కూడా ఒక ప్రోగ్రామే అన్న సంగతి మరువరాదు. దానిలోనూ తప్పులుంటాయి. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో గగనయాన్ తొలి పరీక్షా వాహనాన్ని కంప్యూటరు అయిదు సెకన్ల ముందు ఆపివేసింది. పర్యవేక్షణలో ఎదురైన అసంగతి దానికి కారణమని తెలుసుకుని, సరిచేసి, ఆ ఉదయమే పది గంటలకు ప్రయోగించారు. ఆపిన తప్పు అంత నష్టం కలిగించదు. ఆపవలసినప్పుడు ఆపకపోతేనే చిక్కు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన చిన్న మార్పు వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆ మార్పును విడుదలకు ముందు తనిఖీ చేసే ప్రోగ్రాము ఉంది. కొత్త పట్టికలో 21 గడులున్నాయని అది నమ్మింది; కంప్యూటర్లలో ఉన్న ప్రోగ్రాము అందించేది 20 మాత్రమే. అంతకు ముందు జరిపిన పరీక్షలన్నిటిలో 21వ గడిలో ‘ఏదైనా సరే’ అన్న గుర్తు ఉండడంతో ఎవరూ ఆ గడిని తెరిచి చూడవలసిన అవసరం రాలేదు. ఆ రోజున మొదటిసారిగా అందులో ఒక నిర్దిష్టమైన విలువ వచ్చింది. తరువాత ఆ సంస్థ గడుల సంఖ్యను సరిచూసే తనిఖీని చేర్చింది. మార్పులను అందరికీ ఒక్కసారిగా గాక విడతలుగా పంపే పద్ధతిని చేపట్టింది.

పరీక్షను పరీక్షించడానికి ఒక ఉపాయాన్ని డిమిల్లో, లిప్టన్, సేవార్డ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1978లోనే వివరించారు. సరిగా ఉన్న ప్రోగ్రాములో బుద్ధిపూర్వకంగా ఒక చిన్న తప్పు చేర్చాలి: ‘35 లేదా అంతకు మించి’ అన్నచోట ‘35కు మించి’ అని మార్చాలి. తరువాత పరీక్షలన్నీ నడపాలి. ఏ ఒక్కటైనా ఆ తప్పును పట్టుకుంటే మంచిదే. ఏదీ పట్టుకోలేకపోతే ఆ పరీక్షల జాబితాలో 35 అనే సంఖ్య లేదన్నమాట. ఇటువంటి తప్పులను వేల సంఖ్యలో చేర్చి, ఒక్కొక్క దానికీ పరీక్షలన్నిటినీ మళ్లీ నడపాలి గనుక, చాలాకాలం ఈ ఉపాయం పుస్తకాలకే పరిమితమైంది. కంప్యూటర్ల వేగం పెరిగిన తరువాతనే పెద్ద సంస్థలు దీనిని పనిలో పెట్టసాగాయి.